పేట పిల్లల గదికి ఏ మైకు? ష్యూర్ ఎస్‌ఎం58 రివ్యూ

రాప్‌లో నాలుగు డబ్బులు కళ్ళజూసినవాళ్ళు పుట్టిన పేటకి ఏదో ఒకటి చెయ్యాలనుకోవడం మంచి ఆనవాయితీ. 2017లో చాన్స్ ద రాపర్ షికాగో ప్రభుత్వ బడులకి 10 లక్షల డాలర్లు ఇచ్చాడు. అంత స్తోమత లేకపోయినా చెన్నైలో వ్యాసర్‌పాడిలోనో తండయార్‌పేటలోనో మన పిల్లలకి ఒక గది, ఒక మైకు అమర్చిపెట్టొచ్చు. 1966 నుంచీ వస్తున్న ఎస్‌ఎం58 ఆ గదికి సరైన మైకు.

ఖరీదైన కండెన్సర్ మైకు, అంటే సన్నటి శబ్దాన్ని కూడా పట్టే స్టూడియో రకం, ఇస్తే ఘనంగానే ఉంటుంది. కానీ రేకుల గదిలో అది ఫ్యాను హోరు, ఆటో హారను, గోడల మోత అన్నీ పట్టేస్తుంది. ఎస్‌ఎం58 డైనమిక్ మైకు, నోటి దగ్గర పెట్టుకుని పాడేది. అందుకే గొంతు ముందుకొచ్చి మిగతా గోల వెనకబడుతుంది. ఫాంటం పవర్, అంటే కేబుల్లోంచి మైకుకి పంపే కరెంటు, అక్కర్లేదు. కిందపడితే మైకు తల మీది జాలీ సొట్టపోవచ్చు, ఆ జాలీ విడిగా దొరుకుతుంది.

జాలీకీ నోటికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉండాలి. ఇంకా దగ్గరికెళ్తే బేస్ పెరిగి మాట ముద్దగా వినిపిస్తుంది. ‘ప’, ‘భ’ పలికినప్పుడు గాలి దెబ్బ తగలకుండా మైకుని కాస్త పక్కన పెట్టి పెదవి మూలకి గురిచూపించండి. పరుపుగానీ మందపాటి దుప్పటిగానీ పాడేవాడి వీపు వెనక కట్టాలి, మైకు వెనక కాదు. మైకు ముఖం అటే ఉంటుంది, ఆ గోడకి తగిలి తిరిగొచ్చే మోతే రికార్డింగులోకి ఎక్కుతుంది. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకునే అలవాటు మొదట్లోనే మాన్పించండి. వెనకవైపు మూసుకుపోతే మైకు నాలుగు దిక్కుల శబ్దాన్నీ లాగేస్తుంది, స్టేజీ మీద స్పీకర్లు కూత పెడతాయి.

దీని అసలు లోపం సిగ్నల్ బలహీనంగా ఉండటం. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా గుచ్చితే గొంతు పీలగా, వెనక బుస్సుమని వస్తుంది. మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్, కనీసం 55 డీబీ (డెసిబెల్) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, ఉన్నది తీసుకుని, గట్టిగా పాడే చోట మీటరు మైనస్ 12, మైనస్ 6 డీబీ మధ్య ఆడేలా పెట్టండి. ఊపిరితో మెత్తగా పాడే హుక్‌లు (పాటలో మళ్ళీమళ్ళీ వచ్చే పల్లవి ముక్కలు) దీంట్లో మెరుపు లేకుండా వస్తాయి. రికార్డయ్యాక 8 కిలోహెర్ట్జ్ పైనుండే సన్నటి శబ్దాల్ని 2, 3 డీబీ పెంచితే కొంత నయం, అంతకంటే ఆశించొద్దు.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు, వారంటీ అడగండి. నకిలీలు ఎక్కువ. అసలుది 298 గ్రాములు ఉంటుంది, తూకంలో బాగా తేలితే వద్దు. జాలీ లోపలి స్పాంజి చెమటకీ సముద్రపు గాలికీ కంపు కొడుతుంది. జాలీ మర తిప్పి ఊడదీసి సబ్బునీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి.

స్విచ్ ఉన్న రకం వద్దు, ఆఫ్‌లో వదిలేసి పాడైందనుకుంటారు. అన్నిటికంటే ముందు పోయేది కేబులు, అదీ కనెక్టరు దగ్గర వంగే చోటే. కాబట్టి రెండు కేబుళ్ళతోపాటు ఒక సోల్డరింగ్ ఐరన్ కూడా ఇచ్చి, పెద్దపిల్లల్లో ఒకరికి అతుకు వెయ్యడం నేర్పించండి.