ఐపీఆర్‌ఎస్ సభ్యత్వం: ఒక పాటల రచయిత అనుభవం

సినిమాలకూ, జానపద ఆల్బమ్‌లకూ పాటలు రాస్తాను. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్‌ఎస్‌లో చాలా ఏళ్లుగా సభ్యుడిని. రేడియో, టీవీ, స్ట్రీమింగ్ యాప్‌లు, హోటళ్లు, ఈవెంట్లు వాడుకున్న పాటలకు రాయల్టీ వసూలు చేసి రచయితలకు, స్వరకర్తలకు, పబ్లిషర్లకు (అంటే పాట హక్కులు చేతిలో ఉన్న ఆడియో కంపెనీల వంటివాళ్లకు) పంచే సంస్థ ఇది. పాట రాసే ప్రతి ఒక్కరూ చేరాలంటాను. అయితే చేరి ఊరుకుంటే డబ్బు రాదు.

సంస్థ 1969 నాటిదే అయినా, మనకు బలం వచ్చింది 2012 కాపీరైట్ సవరణతోనే. వేరే ఒప్పందం లేకపోతే సినిమా పాట హక్కులు నిర్మాతవేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడలా కాదు. అగ్రిమెంట్‌లో ఏం రాయించుకున్నా మన రాయల్టీ హక్కు పోదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఎవరికీ రాసివ్వలేం. వసూలైనదాంట్లో సగం పబ్లిషర్‌ది, మిగతా సగం రచయితా స్వరకర్తా పంచుకునేది.

అసలు పనంతా ఐపీఆర్‌ఎస్‌లో పాటల నమోదులో ఉంది. అక్కణ్నుంచి వచ్చే రాయల్టీ స్టేట్‌మెంట్ తెరిస్తే పైసల్లో ఉన్న వరసలు బోలెడు కనిపిస్తాయి. నీరసపడకుండా పాట పేర్లు ఒక్కొక్కటీ చదవాలి. తెలుగు పాట పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకరు ఒకే 'ఎ' పెట్టి రాస్తే, ఇంకొకరు రెండు పెడతారు. అందుకే నేను నమోదు చేసేటప్పుడే పల్లవి మొదటి మాటలనూ, జనం పిలిచే పేరునూ, రకరకాల స్పెల్లింగులనూ మారుపేర్లుగా ఇచ్చేస్తాను. స్పెల్లింగ్ తేడా వల్ల వేరే పాటలా విడిగా పడి ఉన్న వాడకం లెక్క నా పాటకు వచ్చి చేరడం కళ్లారా చూశాను.

ఒక ఆడియో కంపెనీ నా పాట వివరాల్లో రచయిత గడిలోనూ స్వరకర్త పేరే పెట్టింది. ఎంత టెన్షన్ పడ్డానో! అగ్రిమెంట్ కాపీ, నా పేరున్న పోస్టర్ చూపించాక గానీ అది సరికాలేదు. అందుకే పాట విడుదలైన వారంలోనే ఎవరి వాటా ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే, దాచుకోండి.

జానపద రచయితలకు ఇంకో మాట. మన పాట ప్రతి పెళ్లి బరాత్‌లో మోగుతుంది కానీ దానికి రాయల్టీ రాదు. పెళ్లి ఊరేగింపులకూ, మతపరమైన వేడుకలకూ కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 మినహాయింపు ఇచ్చింది. టికెట్ పెట్టి చేసే స్టేజ్ షోల సంగతి వేరు. అక్కడ ఏ పాటలు పాడారో లిస్టు అందితేనే డబ్బు అసలు రచయితకు చేరుతుంది. తెలిసిన ఆర్కెస్ట్రావాళ్లు కనిపించినప్పుడల్లా, ఆ లిస్టులో పాటతో పాటు రచయిత పేరు కూడా రాయించమని అడుగుతుంటాను. ఈ మధ్య కొందరు అడక్కుండానే రాయిస్తున్నారు.