పార్కింగ్ సెన్సార్ల లోపం పట్టుకోవడానికి ఈఎల్‌ఎం327 స్కానర్ కొనొచ్చా?

2019 జూలై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. అవి మొరాయించగానే చాలామంది ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరికే ఈఎల్‌ఎం327 బ్లూటూత్ స్కానర్ వైపు చూస్తున్నారు. కారులోని ఓబీడీ పోర్టుకు (లోపాల కోడ్‌లు చదివే సాకెట్‌కు) దీన్ని తగిలించి ఫోన్ యాప్‌లో చూసుకోవచ్చు. ఇంజన్ లైటు వెలిగినప్పుడు కారణం తెలుసుకోవడానికి ఇది మంచి పరికరమే. సెన్సార్ల కోసమే అయితే ఆ డబ్బుతో డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కోండి.

ఎందుకంటే దీనితో వాడే మామూలు యాప్‌లు చదివేది ఇంజన్‌కీ, పొగకీ సంబంధించిన ‘పి’ కోడ్‌లనే. పార్కింగ్ సెన్సార్ల లోపాలు ఎక్కువగా ‘బి’ (బాడీ) కోడ్‌ల కిందికి వస్తాయి, వాటిని ఒక్కో కంపెనీ తన పద్ధతిలో రాసుకుంటుంది. యాప్‌లో ‘లోపాలేమీ లేవు’ అని వచ్చినా సెన్సార్లు బాగున్నట్టు కాదు. సెన్సార్లను నడిపే మాడ్యూల్‌ను (చిన్న కంప్యూటర్‌ను) యాప్ అడిగే ఉండదు. బయట షాపులో బిగించిన కిట్ సంగతి మరీ స్పష్టం: దాని కంట్రోల్ బాక్సు రివర్స్ లైటు వైరు నుంచి కరెంటు తీసుకుంటుంది, ఓబీడీ పోర్టుతో దానికి సంబంధమే లేదు.

ఫోర్డ్ కార్లున్నవాళ్లకు మాత్రం ఈ స్కానర్ పనికొస్తుంది. ఫోర్‌స్కాన్ యాప్ పార్కింగ్ మాడ్యూల్ కోడ్‌లను చదవగలదు. అయితే చాలా ఫోర్డ్ మోడళ్లలో బాడీ మాడ్యూళ్లు కొన్ని పోర్టులోని 3, 11 పిన్నుల మీద ఉంటాయి, మామూలు స్కానర్ చూసేది 6, 14 పిన్నులను. రెంటి మధ్య మార్చే స్విచ్ ఉన్న రకమే తీసుకోవాలి.

మిగతా కార్లలో చేతి పరీక్షే మేలు. బండిని చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ లాగండి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి రివర్స్ గేరు వేయండి. ముందు రివర్స్ లైటు వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే ఫ్యూజు, గేర్‌బాక్సు దగ్గరి రివర్స్ స్విచ్ సంగతి తేల్చాలి, సెన్సార్ల జోలికి పోనక్కర్లేదు.

లైటు వెలుగుతుంటే బంపర్ మీద ఒక్కో సెన్సార్ ముఖాన్నీ వేలి కొసతో తాకండి. సెన్సార్ పంపే శబ్దం 40 కిలోహెర్ట్జ్‌కి అటూఇటూ ఉంటుంది కాబట్టి చెవికి అందదు. కానీ విడతలు విడతలుగా పంపుతుంది గనుక టిక్ టిక్‌మని సన్నని అదురు వేలికి తెలుస్తుంది. అదురు లేని దాన్నే ముందు అనుమానించాలి. కొన్ని కార్లలో ఒక్క సెన్సార్ పోయినా మొత్తం వ్యవస్థ ఆగిపోతుంది, గేరు వేయగానే ఒక పొడవాటి బీప్ వచ్చి ఊరుకుంటుంది. అలాంటప్పుడు ఇగ్నిషన్ ఆపి మళ్లీ వేసి, గేరు పడిన తొలి క్షణాల్లోనే ఇంకొకరి చేత తాకించి చూడాలి.

తర్వాత ఆ సెన్సార్‌ను అదే పార్ట్ నంబరున్న పక్కదానితో మార్చి బిగించండి. లోపం సెన్సార్‌తో పాటు పక్కకి జరిగితే సెన్సారే పోయింది. ఉన్నచోటే ఉంటే తప్పు వైరుదో కనెక్టరుదో. మూడు పిన్నుల కనెక్టర్ అయితే మీటరును 20 వోల్ట్ డీసీలో పెట్టి పవర్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలవండి. సాధారణంగా 8 నుంచి 12 వోల్టులు చూపాలి. సున్నా వస్తే వైరు తెగినట్టో, పిన్ను పాడైనట్టో. ఎక్కువ కార్లలో దొరికేది పిన్నుల మీద పచ్చటి చిలుమే. వానాకాలం బురదనీళ్లూ, ప్రెషర్ వాష్ పైపును బంపర్‌కి మరీ దగ్గరగా పెట్టి కొట్టడమూ దానికి కారణాలు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, రబ్బరు సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఇది తెలియక కొత్త సెన్సార్ వేయించుకుంటే డబ్బు దండగ.

వెనక ఏమీ లేకపోయినా బీప్ వస్తుంటే సెన్సార్ కిందికి వంగి నేలను పట్టుకుంటోందేమో చూడండి. విడి కిట్లలో సెన్సార్ వెనక బాణం గుర్తు ఉంటుంది, అది పైకి చూడాలి. డెంటింగ్, పెయింటింగ్ అయ్యాక మొదలైన సమస్య అయితే సెన్సార్ ముఖం మీద పెయింటు మందంగా పడి ఉంటుంది. పొర మందమైతే ముఖం సరిగా అదరలేదు. గీకితే ముఖం దెబ్బతింటుంది, అలాంటప్పుడు మార్చడమే దారి.

స్కానర్ ఇప్పటికే కొన్నవాళ్లు పని అవగానే పోర్టులోంచి తీసేయండి. 16వ పిన్నులో ఇగ్నిషన్ ఆపినా బ్యాటరీ కరెంటు ఉంటుంది, వారాల తరబడి కదలని కారులో వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు.