ఫెర్రెట్లకు పచ్చి మాంసం పెట్టేవాళ్లు నల్లగొండలో చూడాల్సిన చికెన్ షాపు

మా ఇంట్లో రెండు ఫెర్రెట్లు ఉన్నాయి, సన్నగా పొడుగ్గా ఉండే చిన్న పెంపుడు జంతువులు. మగది కిలో మూడు వందల గ్రాములు, ఆడది ముప్పావు కిలో. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఉద్యోగానికి వేరే దేశం పోతూ మా దగ్గర వదిలి వెళ్లాడు. వచ్చినవాళ్లందరూ ముంగిసలా అని అడుగుతారు. రెండేళ్ల నుంచి వాటికి పచ్చి మాంసమే పెడుతున్నాను. ఆ మాంసం తెచ్చే షాపు ప్రకాశం బజార్ దగ్గర ఒక గల్లీలో ఉంది, చిన్నది, పెద్ద బోర్డు కూడా లేదు. దాని గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను, ఎందుకంటే మంచి షాపు దొరకకపోతే ఈ డైట్ ఎంత చదువుకున్నా నడవదు.

ముందు నాకు షాపులో ఏం కావాలో చెప్పాలి, లేకపోతే ఎందుకింత మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. ఫెర్రెట్ పూర్తిగా మాంసాహారి. దాని పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది, అందుకే అన్నం, పప్పు, రొట్టె లాంటివి దానికి అరగవు, పైగా పిండి పదార్థం ఎక్కువ తినే ఫెర్రెట్లకు పాంక్రియాస్‌లో గడ్డలు వచ్చి షుగర్ పడిపోయే జబ్బుతో సంబంధం ఉందని చాలామంది వెటర్నరీ డాక్టర్లు అనుమానిస్తారు. కానీ మాంసం అంటే బోన్‌లెస్ ముక్కలు కాదు. మొదటి నెల నేను చేసింది అదే, చెస్ట్ పీసులు కోసి పెట్టాను, అవి ఇష్టంగా తిన్నాయి, నేను సంతోషపడ్డాను. ఒట్టి కండలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు, అలాగే నెలల తరబడి పెడితే ఎముకలు బలహీనపడతాయని తర్వాత తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా లెక్క ఇది. ఎదిగిన ఫెర్రెట్ రోజుకు తన బరువులో 5 నుంచి 7 శాతం దాకా తింటుంది, మా రెండింటికి కలిపి రోజుకు సుమారు 125 గ్రాములు, వారానికి తొమ్మిది వందల గ్రాముల లోపే. అందులో కార్జం 5 శాతం, అంటే 45 గ్రాములు, అంతకు మించి వద్దు, ఎందుకంటే కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ, అది ఒంట్లో పేరుకుపోతుంది. ఇంకో 45 గ్రాములు మేక గుర్దా (కిడ్నీ) గానీ తిల్లి (ప్లీహం) గానీ. గుండెకాయలు వంద గ్రాములు, టారిన్ అనే పోషకం కోసం. ఫెర్రెట్లకైనా పిల్లులకైనా ఇది తప్పనిసరి. మొత్తం తిండిలో ఎముక 10 నుంచి 15 శాతం ఉండాలి, కోడి రెక్కలో దాదాపు సగం ఎముకే కాబట్టి పావుకిలో రెక్కలు పెడితే సరిపోతుంది. మిగిలింది తొడ మాంసం, కందనకాయ, అప్పుడప్పుడు కొంచెం మటన్. కందనకాయను చాలామంది అవయవాల లెక్కలో వేస్తారు కానీ అది కండే, కార్జానికి బదులు పనికిరాదు.

ఇప్పుడు ఈ లిస్టు పట్టుకుని ఏదైనా చికెన్ షాపుకు వెళ్లి చూడండి. యాభై గ్రాముల కార్జం అడిగితే పావుకిలోకు తక్కువ ఇయ్యం అంటారు. ఒకచోట కార్జం, గుండెకాయ, కందనకాయ అన్నీ ఒక్క కవర్లో కలిపి కట్టి ఇచ్చారు, ఇంటికొచ్చి విడదీయడానికి గంట పట్టింది. ఈ షాపు అన్న మొదటిసారే ఏమీ విసుక్కోకుండా నాలుగు కవర్లలో విడివిడిగా తూచి ఇచ్చాడు. "ఏందక్కా, గింత కార్జం ఎవలికి సరిపోతది?" అని మాత్రం అడిగాడు. ఫెర్రెట్ల గురించి చెప్పి ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు. మూడో వారం నుంచి నేను చెప్పే పని లేదు, నన్ను చూడగానే లోపలి పిల్లగాడితో "అక్కకు రెక్కలు కొట్టకుండ ఇయ్యిరా, తోలు తియ్యకు" అంటాడు.

కొట్టకుండా అనేది పెద్ద విషయం. మనవాళ్లకు కత్తితో చిన్న ముక్కలు కొట్టి ఇవ్వడం అలవాటు, కూరకు అది బాగుంటుంది, కానీ నరికిన ఎముక అంచు పదునుగా విరుగుతుంది. రెక్కను కీళ్ల దగ్గర విడదీసి ఇస్తే ఫెర్రెట్ పక్కపళ్లతో తానే నమిలి విరుచుకుంటుంది, పళ్లకూ మంచిది. వండిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, అది పెళుసై సూదుల్లా చీలుతుంది. తోలు ఎందుకంటే వాటికి శక్తి కొవ్వు నుంచే రావాలి. స్కిన్‌లెస్ అలవాటైన మనకు ఇది వింతగా ఉంటుంది.

కార్జం మీద ఉండే చేదు తిత్తి పగలకుండా తీస్తాడు, అది పగిలితే మా ఆడది ఆ కార్జం వాసన కూడా చూడదు. అందరి మాంసం ముంచే టబ్బులో నాది ముంచడు, కోసింది కోసినట్టే కవర్లో వేస్తాడు, ఇంట్లో నేను చూసుకుంటాను. వండకుండా పెట్టే మాంసం కాబట్టి ఈ ఒక్కదాని కోసమైనా నేను షాపు మారను. ఫ్రీజర్లో పెడితే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు, ఆగుతుంది అంతే, అందుకే నాకు వేరే కత్తి, వేరే పీట, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఉంటాయి. మా పాప ఆ గిన్నెలు ముట్టుకోదు.

ఇంకో సంగతి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిందని వార్తలు రాగానే నాకు విపరీతమైన టెన్షన్ పట్టుకుంది. ఫెర్రెట్లకు ఫ్లూ చాలా సులువుగా అంటుకుంటుంది, మనుషుల ఫ్లూ మీద పరిశోధనలకు ల్యాబుల్లో వాటినే వాడేది అందుకే. చికెన్ తినే మనకు బాగా ఉడికిస్తే భయం లేదు, పచ్చిది తినే వాటికి ఆ రక్షణ లేదు, ఫ్రీజర్ కూడా కాపాడదు. వెళ్లి అన్నను అడిగాను, కోళ్లు ఏ ఊరి ఫారం నుంచి వస్తున్నాయో చెప్పాడు, చెప్పి కూడా "నీకు భయమైతే కొన్ని రోజులు బంద్ చెయ్యక్కా, నేనేమనుకోను" అన్నాడు. గిరాకీ సగానికి పడిపోయి ఆయన ఖాళీగా కూర్చున్న రోజులవి. ఆ మాట నేను మర్చిపోలేను. రెండు గల్లీల అవతల మటన్ కొట్టే భాయ్ దగ్గరికి ఆయనే పంపాడు. ఆ రోజుల్లో మేక మాంసం, మేక గుండె, ఉడికించిన బోన్‌లెస్ చికెన్‌తో నడిపించాను, ఎముకకు బదులు గుడ్డు పెంకు పొడి కలిపాను. ఖర్చు బాగా అయింది.

లోపాలు కూడా ఉన్నాయి. షాపులో ఫ్రిజ్ లేదు. ఎండాకాలం మన నల్లగొండ సంగతి తెలిసిందే, 44 డిగ్రీలు దాటుతుంది, పది గంటలకు బల్ల మీద ఉన్న మాంసం కూరకు పనికొస్తుందేమో గానీ పచ్చిగా పెట్టడానికి నేను తీసుకోను. ఒకసారి అన్న లేనప్పుడు పిల్లగాడు పొద్దున్నుంచి ఉన్న గుండెకాయలు ఇచ్చాడు, ఇంటికొచ్చాక వాసన వచ్చింది, వెనక్కి తీసుకెళితే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు, అయినా ఇస్తున్నప్పుడే చూసుకోవాలి. కౌజు పిట్టలు మూడు రోజుల ముందు చెబితేనే తెప్పిస్తాడు. గుర్దా, తిల్లి ఆయన దగ్గర ఉండవు, భాయ్ దగ్గర తీసుకోవాల్సిందే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తెచ్చిన మొదటి రోజే రెక్క పెట్టేయకండి. ఫెర్రెట్ మొదటి ఆరు నెలల్లో ఏది తిన్నదో దాన్నే తిండి అనుకుంటుంది, మా మగదానికి కిబుల్ (ప్యాకెట్లో వచ్చే ఎండు తిండి) మానడానికి రెండు నెలలు పట్టింది. మాంసం మెత్తగా రుబ్బి గోరువెచ్చని నీళ్లు కలిపి వేలితో నాకించాను. వాటిని పస్తు ఉంచి దారికి తేవాలనుకోవద్దు, అంత తొందరగా అరిగే జీవి ఆకలికి తట్టుకోలేదు. మలం తెల్లగా, పొడిపొడిగా ఉంటే ఎముక ఎక్కువైందని తగ్గించండి, నల్లగా తారులా ఉంటే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. ఇవి తిండి దాచుకుంటాయి, మా సోఫా వెనక మూడు రోజుల నాటి రెక్క దొరికింది, ఎండాకాలంలో అరగంట కాగానే మిగిలింది తీసేస్తున్నాను.

షాపుకు పొద్దున ఏడున్నర లోపు వెళ్లండి, అప్పుడు మీ ముందే కోసి ఇస్తాడు. ఆదివారం అస్సలు వద్దు, లైనులో వెనక ఇరవై మంది నిలబడి ఉంటే నలభై ఐదు గ్రాములు తూచమని అడగడం ఆయనకూ కష్టమే. నేను బుధవారం వెళ్తాను. భాయ్‌కి మంగళవారం సాయంత్రమే ఫోన్ చేసి తిల్లి పక్కన పెట్టమని చెబుతాను, లేకపోతే అది ఎవరికీ అక్కర్లేదని పారేస్తారు.