గ్రాంప్స్: మేనరికాలున్న ఇంటి వంశవృక్షానికి ఎంతవరకు పనికొస్తుంది?

వంశవృక్షాన్ని కంప్యూటర్లో ఎక్కించబోతే తెలుగువాళ్లకు మొదటి పది నిమిషాల్లోనే చిక్కు మొదలవుతుంది. మనకు ఇంటిపేరు ముందుండాలి, ఫారం దాన్ని వెనక పెడుతుంది. గోత్రానికి గడి ఉండదు. అక్క కూతుర్ని చేసుకున్న తాతగారి దగ్గరికొచ్చేసరికి బొమ్మ మొత్తం గజిబిజి. ఈ మూడింటినీ తట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలంటే ఇప్పటికి గ్రాంప్స్‌నే చెప్పాలి. దాని లోపాలు వేరేచోట ఉన్నాయి.

ఇది 2001లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. విండోస్, మాక్, లినక్స్ మూడింటిమీదా నడుస్తుంది. డేటా మీ కంప్యూటర్లోనే ఉంటుంది. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటు కూడా ఉచితమే కానీ అక్కడ చనిపోయినవాళ్ల వివరాలన్నీ లోకానికంతటికీ కలిపి ఒకటే చెట్టు. మీరు ఎక్కించిన ముత్తాత పేజీని ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి మార్చేయొచ్చు. గ్రాంప్స్‌లో ఆ భయం లేదు. బదులుగా బ్యాకప్ బాధ్యత పూర్తిగా మీదే.

ముందు పేర్ల సంగతి. ప్రిఫరెన్సెస్‌లో నేమ్ ఫార్మాట్ దగ్గర సర్‌నేమ్ ముందు, గివెన్ నేమ్ తర్వాత వచ్చేలా కొత్త ఫార్మాట్ చేసుకుంటే జాబితాలోనూ రిపోర్టుల్లోనూ పేర్లు మన పద్ధతిలో కనిపిస్తాయి. ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరునే ప్రధాన పేరుగా ఉంచి, అత్తింటి పేరును నేమ్స్ ట్యాబ్‌లో 'మ్యారీడ్ నేమ్' రకంగా చేర్చడం మంచిది. తిరగేసి చేస్తే రెండు తరాల తర్వాత ఎవరు ఏ ఇంటి ఆడపడుచో పోల్చుకోలేరు. సర్టిఫికెట్లలో ఇంగ్లీషు స్పెల్లింగు తలోరకంగా ఉంటుంది కదా, వాటినీ అదే ట్యాబ్‌లో 'ఆల్సో నోన్ యాజ్' కింద పెట్టండి. గోత్రాన్ని యాట్రిబ్యూట్‌గా, అంటే మనిషి రికార్డుకు తగిలించే అదనపు వివరంగా పెట్టాలి. రకం దగ్గర 'గోత్రం' అని ఒకసారి టైపు చేస్తే తర్వాత నుంచి జాబితాలో దొరుకుతుంది. యాట్రిబ్యూట్‌కు తేదీ గడి లేదు కాబట్టి, దత్తతతో గోత్రం మారినవాళ్లకు దాన్ని ఈవెంట్‌గా రాసి తేదీ వేయాలి.

తెలుగులో టైపు చేసేవాళ్లను బాగా ఏడిపించే చిన్న విషయం ఇంకొకటుంది. పొల్లు అక్షరం దగ్గర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని విడదీసే అక్షరం ఒకటి చొప్పిస్తాయి. మామూలుగా కొట్టిన 'షేక్', ఆ కనిపించని అక్షరంతో ఉన్న 'షేక్' తెరమీద ఒక్కలాగే ఉంటాయి. గ్రాంప్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఇంటిపేర్లు. ఎక్కించేది ఇద్దరు ముగ్గురైతే కీబోర్డు కూడా ఒకటే వాడండి. డూప్లికేట్లను వెతికే టూల్‌లో 'సౌండెక్స్' టిక్ తీసేయండి. పేర్లను పలికే తీరునుబట్టి పోల్చే ఆ పద్ధతి ఇంగ్లీషు అక్షరాల కోసం తయారైంది, తెలుగు పేర్లను పోల్చడం దానికి చేతకాదు.

ఇక మేనరికాలు. గ్రాంప్స్‌లో మనిషి ఒక రికార్డు, కుటుంబం ఇంకొక రికార్డు. పెళ్లి చేసుకున్న ఇద్దరూ అంతకుముందే బంధువులైనా దానికి అభ్యంతరం లేదు. మేనమామ మేనకోడల్ని చేసుకున్న ఇంట్లో బిడ్డను మధ్యలో పెట్టి, పూర్వీకుల్ని చుట్టూ వరుసలుగా చూపే ఫ్యాన్ చార్ట్ తీస్తే, ఒకే దంపతులు తండ్రివైపు తాతయ్య నానమ్మలుగా రెండో వరుసలో, తల్లివైపు అమ్మమ్మ తల్లిదండ్రులుగా మూడో వరుసలో కనిపిస్తారు. అది తప్పు కాదు, ఆ చార్టు గీసే పద్ధతే అంత. తప్పనుకుని ఒకరిని తీసేశారంటే చెట్టు తెగిపోతుంది. ప్రతి మనిషీ ఒక్కసారే రావాలంటే రిపోర్ట్స్‌లో గ్రాఫ్స్ కింద 'రిలేషన్‌షిప్ గ్రాఫ్' తీయాలి. మేనకోడలు మేనమామకన్నా ఒక తరం కింద ఉంటుంది కాబట్టి, వాళ్లిద్దర్నీ కలిపే గీతల్లో ఒకటి పొడుగ్గా వస్తుంది. కుండమార్పిడి పెళ్లిళ్లుంటే గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి. చూడ్డానికి అందంగా ఉండకపోయినా నిజం అదే. ఒక మనిషి పొరపాటున తనకు తానే పూర్వీకుడిగా ముడిపడ్డాడేమోనన్న అనుమానం ఉంటే 'ఫైండ్ డేటాబేస్ లూప్' అనే టూల్ పట్టిస్తుంది. ఒక్క మాట, రిలేషన్‌షిప్ క్యాలిక్యులేటర్‌ను వరసల కోసం నమ్మకండి. బాబాయైనా మేనమామైనా దానికి అంకులే.

దత్తతకు ఏర్పాటు చక్కగా ఉంది. బిడ్డను కన్నవాళ్ల కుటుంబంలోనూ దత్తత తీసుకున్నవాళ్ల కుటుంబంలోనూ చేర్చి, రెండోచోట తల్లికీ తండ్రికీ విడివిడిగా 'అడాప్టెడ్' అని పెట్టొచ్చు.

డబ్బు తీసుకునే ప్రోగ్రాముల్లో కూడా ఇంత బాగా ఉండనిది ఊళ్ల విభాగం. ఊరు జిల్లాలో, జిల్లా రాష్ట్రంలో ఇలా ఒకదానిలో ఒకటి పొదిగి, ప్రతి బంధానికీ తేదీలు వేయొచ్చు. చీరాల సంగతే చూడండి. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా వచ్చిన జిల్లాలోకి వెళ్లింది, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి చీరాల ఉన్నది బాపట్ల జిల్లాలో. పైన రాష్ట్రం కూడా అంతే: 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు, తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. ఇదంతా ఒక్కసారి తేదీలతో ఎక్కించి, ప్రిఫరెన్సెస్‌లో స్థలాల పేర్లను దానంతటదే రాసుకునే ఆప్షన్‌ను ఆన్ చేస్తే, 1938లో పుట్టినవాళ్లకు గుంటూరు జిల్లా అనీ 1985లో పుట్టినవాళ్లకు ప్రకాశం జిల్లా అనీ అదే చూపిస్తుంది. తెలంగాణ ఊళ్లకు 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల విభజన తేదీ తప్పకుండా వేయండి. పాత దస్తావేజు ఏ జిల్లా రికార్డుల్లో వెతకాలో తేలేది దీనివల్లే.

తేదీల దగ్గర మాత్రం గ్రాంప్స్ మనల్ని వదిలేసింది. ఇస్లామిక్, హీబ్రూ, పర్షియన్ క్యాలెండర్లున్నాయి, పంచాంగం లేదు. తద్దినం తిథిని నేరుగా రాసే దారి లేదు. 'టెక్స్ట్ ఓన్లీ' రకంలో రాస్తే కనిపిస్తుంది కానీ తేదీల వరుసలో కూర్చోదు, వయసు లెక్కకూ రాదు. కాబట్టి తేదీ గడిలో ఇంగ్లీషు తేదీ వేసి, తిథిని అదే డైలాగ్‌లోని 'టెక్స్ట్ కామెంట్' గడిలో పెట్టాలి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. విశ్వావసు అంటే 1905-06 కావచ్చు, 1965-66 కావచ్చు, పిల్లలు పుట్టిన ఏడాదులతో సరిచూసుకుని ఒకటి తేల్చాలి. ఉగాది మార్చి-ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి మాఘం, ఫాల్గుణం తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. రెండోసారి వచ్చిన విశ్వావసు మాఘమంటే 1966 అన్నమాట.

భూమి రికార్డుల్లో ఫసలీ అని శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆంధ్ర జిల్లాల్లో ఫసలీ 1345 అంటే 1935 జులై 1 నుంచి 1936 జూన్ 30 వరకు. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో ఫసలీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. ఆ ఏడాదిలో ఎప్పుడో జరిగిన ఒక సంగతికి, పొలం కొనడంలాంటిదానికి, గ్రాంప్స్‌లో 'రేంజ్' వాడాలి, 'స్పాన్' కాదు. స్పాన్ పెడితే ఆ కొనుగోలు ఏడాది పొడుగునా జరిగినట్టు అర్థం చేసుకుంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

తప్పులు వెతికే 'వెరిఫై ద డేటా' టూల్‌ను ఉన్నదున్నట్టు నడిపితే పాత తరాల పెళ్లిళ్లన్నిటికీ హెచ్చరికలు గుట్టలుగా పడతాయి. బాల్యవివాహాల్ని ఆపడానికి తెచ్చిన శారదా చట్టం అమల్లోకి వచ్చింది 1930లో. అంతకుముందు పెళ్లిళ్లలో పదేళ్ల పెళ్లికూతురు వింతేమీ కాదు. సెట్టింగుల్లో పెళ్లి కనీస వయసు తగ్గించాకే అసలు తప్పులు పైకి తేలతాయి. కొడుకు తండ్రికన్నా ముందు పుట్టడంలాంటివి.

ఫొటోల విషయంలో జాగ్రత్త. గ్రాంప్స్ ఫొటోను తనలోకి తీసుకోదు, అది ఏ ఫోల్డరులో ఉందో గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది. ఫోల్డరు కదిలితే బొమ్మలన్నీ మాయం. మొదట్లోనే ఒక ఫోల్డరును బేస్ మీడియా పాత్‌గా పెట్టి అన్నీ అందులోనే ఉంచండి. పెళ్లి గ్రూపు ఫొటోలో ఒక్కొక్కరి ముఖం చుట్టూ గీత గీసి వాళ్ల రికార్డుకు తగిలించే వీలు బాగుంది. శుభలేఖల్ని ఫొటోలుగా వదిలేయకుండా సోర్స్‌గా, అంటే వివరాలకు ఆధారంగా ఎక్కించండి. తాతల పేర్లు, ఊళ్లు, ముహూర్తం తేదీ మూడూ ఒకేచోట దొరికే కాగితం ఇంట్లో అంతకంటే ఇంకొకటి ఉండదు.

అచ్చు తీయడం కొంచెం తలనొప్పే. గ్రాఫ్‌ను నేరుగా పీడీఎఫ్‌గా తీస్తే, సిస్టంలో తగిన తెలుగు ఫాంటు దొరక్కపోతే పేర్ల బదులు ఖాళీ గడులు వస్తాయి. ఎస్‌వీజీ రకం బొమ్మ ఫైలుగా తీసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాంలో తెరిచి, అక్షరాలన్నిటికీ నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టి, అక్కణ్నుంచి పీడీఎఫ్ చేయడం నమ్మకమైన దారి. ఒత్తులు, గుణింతాలు చెదరవు. ఫ్లెక్సీ వేయించాలన్నా ఆ పీడీఎఫ్ సరిపోతుంది.

బంధువులకు ఫోన్లో చూపించాలంటే గ్రాంప్స్ వెబ్ అని వేరే ఉంది. సొంత సర్వర్‌మీద డాకర్ అనే సాధనంతో పెట్టుకోవాలి, ఇంట్లో ఆ పని తెలిసిన పిల్లలుంటేనే దిగండి. చూడ్డానికి మాత్రమే, చేర్చడానికి, దిద్దడానికి ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో స్థాయి ఇవ్వొచ్చు. అంత అక్కర్లేదనుకుంటే ఫైలు ఎగుమతి చేసి పంపండి. ఆ డైలాగ్‌లో బతికున్నవాళ్ల వివరాలు తీసేసే ఆప్షన్ పెట్టాకే వాట్సాప్ గ్రూపులో వేయాలి, పుట్టిన తేదీలు అక్కడ తిరగడం మంచిది కాదు. వేరే ప్రోగ్రాం వాడేవాళ్లకు జెడ్‌కామ్ (GEDCOM), అంటే వంశవృక్ష ప్రోగ్రాములన్నీ చదివే ఫైలు రకం, ఇవ్వక తప్పదు. అందులో ఊళ్ల తేదీల అమరిక మిగలదు, కాబట్టి దాన్ని బ్యాకప్ అనుకోవద్దు. బ్యాకప్ అంటే ఫొటోలతో సహా మూటకట్టే గ్రాంప్స్ ప్యాకేజీ. కొత్త వెర్షన్ ఎక్కించే ముందు పాత వెర్షన్లోనే దాన్ని తీసి పెట్టుకోండి. కొత్తది ఒకసారి డేటాబేస్‌ను మార్చాక పాతది దాన్ని తెరవలేదు.