తోసే హ్యాండిల్ ఉన్న ట్రైసైకిలా, మామూలుదా?

ఏడాదిన్నర పిల్లకి మూడు చక్రాల బండి అడిగితే షాపువాళ్లు రెండు రకాలు చూపిస్తారు: వెనక పొడుగు హ్యాండిల్ ఉన్నది, లేనిది.

ధర: మామూలుది సుమారు రెండు వేల లోపే దొరుకుతుంది. హ్యాండిల్, బెల్టు, పైన గొడుగు చేరేకొద్దీ రేటు పెరుగుతుంది. ఆ గొడుగు మాత్రం దండగ, మన ఎండకి అది ఏ మూలకీ చాలదు.

శ్రమ: మామూలుదైతే పిల్ల తొక్కడం నేర్చేదాకా, అంటే రెండున్నర మూడేళ్ల దాకా, నడుం వంచి మీరే తోయాలి. హ్యాండిల్ ఉంటే నిటారుగా నడవొచ్చు.

అయితే హ్యాండిళ్లన్నీ ఒకటి కావు. కొన్ని ముందు చక్రాన్ని కూడా తిప్పుతాయి, కొన్ని ఉత్తినే తోస్తాయి. రెండో రకంతో మలుపు దగ్గర హ్యాండిల్‌ని కిందికి నొక్కి ముందు చక్రం లేపాల్సిందే. షాపులోనే ఓసారి తిప్పి చూడండి. తోస్తున్నప్పుడు పెడల్స్ కూడా తిరిగిపోతుంటే ఫుట్‌రెస్ట్ ఉండాలి, లేకపోతే పిల్ల కాళ్లకి తగులుతాయి.

ప్రమాదం: బెల్టు లేని సీట్లోంచి చిన్నపిల్లలు సులువుగా జారతారు. హ్యాండిల్‌కి కూరగాయల సంచి తగిలిస్తే బండి వెనక్కి తిరగబడొచ్చు. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి.

పిల్లకి రెండేళ్లు నిండక, రోజూ సాయంత్రం బయట తిప్పేవాళ్లకి హ్యాండిల్ ఉన్నదే మేలు. అదీ తర్వాత ఊడదీసే వీలున్నదైతే ఇంకా నయం. మూడేళ్లు దగ్గరపడి, హాల్లోనో మేడమీదో తనే తొక్కుకునే పిల్లకి మామూలుది చాలు.