మూడు సీసాల రక్త పరీక్ష కిట్: రసాయనం మంచిదే, మన ఎండకే ఆగదు

మరక రక్తమో కాదో చూడటానికి క్లూస్ టీమ్‌లు, ఫోరెన్సిక్ విద్యార్థులు వాడే ఫినాఫ్తలీన్ కిట్ ఇది. ఒక సీసాలో ఆల్కహాల్, రెండో దాంట్లో జింకు పొడితో మరిగించి రంగు పోగొట్టిన ఫినాఫ్తలీన్ ద్రావణం, మూడో దాంట్లో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, వాటితో పాటు కొన్ని దూది స్వాబ్‌లు ఉంటాయి. ఉతికినా పోని లేత మరకను కూడా బాగానే పట్టిస్తుంది.

మరక మీద నేరుగా ఏ చుక్కా వేయొద్దు. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన స్వాబ్‌తో మరక అంచును రుద్ది, ఆ స్వాబ్ మీదే ముందు ఆల్కహాల్, తర్వాత ఫినాఫ్తలీన్ ఒక్కో చుక్క వేసి కాసేపు ఆగాలి. ఇప్పుడే గులాబీ రంగు వచ్చిందంటే అక్కడ బ్లీచింగ్ లాంటి ఆక్సీకరణ పదార్థం ఉన్నట్టు, ఆ ఫలితం చెల్లదు. రంగు రాకపోతేనే పెరాక్సైడ్ వేయాలి. పది పదిహేను సెకన్లలోపు గులాబీ తిరిగితేనే లెక్క. అర నిమిషం దాటితే గాలి తగిలి, రక్తం లేని స్వాబ్ కూడా రంగెక్కుతుంది. కిట్‌తో ఇచ్చిన కాగితంలో ఈ గడువే లేదు. ఇంత ముఖ్యమైన మాట ఎలా వదిలేశారో అర్థం కాదు.

అసలు చిక్కు పెరాక్సైడ్ సీసాతో. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో ఇచ్చారు. వేడికీ వెలుతురుకీ పెరాక్సైడ్ విరిగి నీళ్లవుతుంది. రోహిణి కార్తెలో కావలి నుంచి ఒంగోలు దాకా జీపులో తిప్పిన సీసాను నమ్మడానికి లేదు: నిజమైన రక్తమే ఉన్నా రంగు రాదు. అందుకే ప్రతి పరీక్షకు ముందు రక్తమని తెలిసిన మరక మీద ఒకసారి, శుభ్రమైన స్వాబ్ మీద ఒకసారి వేసి చూసుకోవాలి. ముదురు గోధుమ రంగు సీసాలోకి మార్చి, ఐస్‌బాక్సులో పెట్టుకుంటే మేలు.

రొయ్యల చెరువుల షెడ్లలో ల్యూమినాల్ (రక్తం తగిలితే చీకట్లో నీలంగా వెలిగే రసాయనం) కంటే ఈ కిట్టే నయం. చెరువులకు వాడే బ్లీచింగ్ పౌడర్ తగిలిన చోటల్లా ల్యూమినాల్ నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు రక్తపు వెలుగులా నిలకడగా ఉండక చటుక్కున ఆరిపోతుంది గానీ, చీకట్లో ఆ తేడా పట్టడానికి అనుభవం కావాలి. అయితే కోడి రక్తమో చేప రక్తమో మనిషి రక్తమో ఈ కిట్ చెప్పలేదు. దానికి మనిషి హీమోగ్లోబిన్‌ను గుర్తించే స్ట్రిప్ వేరే కొనాలి. ఆ స్ట్రిప్ మీద చిక్కటి రక్తం వేస్తే మనిషి రక్తమే అయినా గీత పడకపోవచ్చు, పలుచన చేసి వేయాలి.

డీఎన్‌ఏ కోసం రెండో స్వాబ్ విడిగా తీయాలి. ఫినాఫ్తలీన్ ద్రావణంలో ఘాటైన క్షారం ఉంటుంది కాబట్టి, చుక్కలు పడిన స్వాబ్‌ను ల్యాబ్‌కు పంపొద్దు. మరక చిన్నదైతే డీఎన్‌ఏ స్వాబే ముందు తీయాలి, రంగు పరీక్షకు మిగిలినదే. కిట్‌లో ప్లాస్టిక్ జిప్ కవర్లు ఇచ్చారు, వాటిని పక్కన పడేయండి. మన సముద్రపు గాలి తేమకు లోపల బూజు పట్టి డీఎన్‌ఏ చెడిపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి; ఎండలో మాత్రం వద్దు, అతినీలలోహిత కిరణాలకు డీఎన్‌ఏ దెబ్బతింటుంది. జీన్స్ గుడ్డ అయితే ఆ సంగతి ఫారంలో రాయండి. ఆ నీలిరంగు పీసీఆర్‌ను (ల్యాబ్‌లో డీఎన్‌ఏకు నకళ్లు తీసి పెంచే పద్ధతిని) అడ్డుకుంటుంది, ముందే తెలిస్తే ల్యాబ్‌వాళ్లు శుద్ధి గట్టిగా చేస్తారు. మరక లేని పక్క చోటు నుంచి కూడా ఒక స్వాబ్ తీసి జత చేయాలి. కిట్‌లో ఇచ్చిన స్వాబ్‌లు దానికి చాలవు, అదనంగా కొనుక్కోండి.