చేయి తిరుగుతున్న రోజుల రాబర్ట్ ఫ్రాంక్: 'లండన్/వేల్స్' ఫోటో పుస్తకం

రాబర్ట్ ఫ్రాంక్ అనగానే ఫోటోగ్రఫీతో పరిచయమున్న వారికి 1958లో పారిస్‌లోనూ, మరుసటి ఏడు న్యూయార్క్‌లోనూ వెలువడిన ఆయన ఫోటో పుస్తకం 'ది అమెరికన్స్' గుర్తుకు వస్తుంది. అందులోని చూపు ఆయనకు ఎక్కడ అబ్బిందో తెలుసుకోవాలనుకునే వారు కొనదగిన పుస్తకం 'లండన్/వేల్స్'. 1951, 1953 మధ్య బ్రిటన్‌లో తీసిన ఈ ఛాయాచిత్రాలు ఫిలిప్ బ్రూక్‌మన్ సంపాదకత్వంలో 2003లో, అంటే తీసిన అర్ధశతాబ్దానికి గాని, ఈ రూపంలో రాలేదు.

1924లో జ్యూరిక్‌లో పుట్టిన ఫ్రాంక్ 1947లో న్యూయార్క్ చేరి, 'హార్పర్స్ బజార్' అనే ఫ్యాషన్ పత్రికలో దాని ఆర్ట్ డైరెక్టర్ అలెక్సీ బ్రోడోవిచ్ దగ్గర ఫ్యాషన్ చిత్రాలు తీశారు. ఆ పని ఎక్కువ కాలం సాగలేదు. 1948లో పెరూ, బొలీవియాలకు వెళ్లారు, అటుపైన కొన్నేళ్లు యూరప్‌లో తిరిగారు. ఆ తిరుగుళ్లలో ఆయన శైలి ఒక కొలిక్కి వచ్చింది లండన్‌లోనే అని నా అభిప్రాయం.

లండన్ చిత్రాల్లో ఎక్కువగా కనిపించేది 'సిటీ'గా పిలిచే బ్యాంకుల పేట. ఎత్తైన టోపీలు, నల్లకోట్లు, చుట్టిన గొడుగులతో పెద్దమనుషులు ఒకరికొకరు సంబంధం లేనట్టు నడిచిపోతుంటారు. వెనకనున్న భవనాలు పొగమంచులో సగం కరిగిపోయి ఉంటాయి. వారిలో చాలామందికి తమను ఎవరో ఫోటో తీస్తున్నారన్న స్పృహే ఉన్నట్టు తోచదు. అందరికీ తెలిసిన శవవాహనం చిత్రం ఒక్కటి చాలు, పుస్తకాన్ని చాలాసేపు అక్కడే తెరిచి ఉంచడానికి. వాహనం వెనక తలుపు తెరిచి ఉంది, తడిసిన పేవ్‌మెంట్ మీద ఒక చిన్నపిల్ల మనకు దూరంగా పరుగెత్తుతోంది, ఆ తలుపు అద్దంలోంచి చూస్తే అవతల వీధి ఊడ్చే మనిషి తన పనిలో తానున్నాడు. ఈ ఇద్దరినీ, చావునూ కలిపే కథ ఏదీ ఫ్రాంక్ చెప్పరు. చెప్పకుండా వదిలేయడంలోని ఆ ధైర్యమే తర్వాత అమెరికాలో ఆయనకు ఉపకరించింది.

వేల్స్ భాగం దీనికి పూర్తిగా భిన్నం. 1953లో కేరౌ అనే గని ఊరికి వెళ్లిన ఫ్రాంక్ ఒక బొగ్గు గని కార్మికుడి కుటుంబానికి దగ్గరగా మసలారు. మసి పట్టిన ముఖంలో తెల్లగా మెరిసే కళ్లు, ఇంట్లోనే తొట్టిలో ఒళ్లు కడుక్కోవడం, తోటి కార్మికులతో గడిపే సమయం, అన్నీ ఒక మనిషి దినచర్యగా పేర్చిన కథనంలో భాగాలు. ఆనాటి సచిత్ర పత్రికలు కోరుకున్నదీ ఇటువంటి కథనాన్నే. చిత్రాలు ఆత్మీయంగా ఉన్నాయి గాని, ఏ చిత్రం తర్వాత ఏది వస్తుందో ముందే ఊహకు అందుతుంది. ఫ్రాంక్ ఆ పద్ధతికి తర్వాత దూరమయ్యారు. ఎందుకు దూరమయ్యారో ఈ భాగం చూస్తే వేరే వ్యాఖ్యానం అక్కరలేకుండా అర్థమవుతుంది.

ఈ రెంటినీ ఒకే అట్టల మధ్య పెట్టినందుకు సంపాదకుణ్ణి మెచ్చుకోవాలి. లండన్ చిత్రాల్లో మనం మంచు అనుకునేదానిలో చాలా వరకు బొగ్గు పొగే. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు ఆ నగరాన్ని కమ్మేసి వేలమంది ప్రాణాలు తీసిన మహా పొగమంచు కూడా ఈ చిత్రాల కాలానిదే. కోటు మీద దుమ్ము పడనివ్వని బ్యాంకరూ, చర్మంలోకి ఇంకిన మసితో ఇంటికి చేరే కార్మికుడూ ఒకే ఇంధనానికి రెండు కొసల్లో ఉన్నారు.

అయితే ఒక అభ్యంతరం ఉంది. ఫ్రాంక్ స్వయంగా అంత జాగ్రత్తగా తప్పించుకున్న తీర్పును, ధనికుణ్ణీ పేదనూ పక్కపక్కన నిలబెట్టే ఈ కూర్పు కొన్నిచోట్ల పాఠకుడి చేతిలో పెట్టేస్తుంది. 'ది అమెరికన్స్'లో ఒక చిత్రానికీ మరో చిత్రానికీ ఉన్న సంబంధం పదిసార్లు తిరగేస్తే గాని దొరకదు. ఇక్కడ అది తొలిచూపులోనే దొరికిపోతుంది.

ముద్రణ గురించి చెప్పాలంటే, ఈ చిత్రాలకు ప్రాణమంతా బూడిద వన్నెల్లో ఉంది కనుక ఫోన్ తెరమీద చూసి ఒక నిర్ణయానికి రావద్దు. స్కాలో వారి 2003 ప్రచురణ దొరకకపోతే స్టైడల్ వారి తర్వాతి ముద్రణ తీసుకోవచ్చు. ఫ్రాంక్ రచనలు బొత్తిగా చూడనివారు మాత్రం ముందు 'ది అమెరికన్స్' చూసి, ఆ తర్వాత దీని దగ్గరికి రావడం మంచిది.